సీటు వస్తుందా?

ఐఐటీలో సీటు వస్తుందా అని పాల్మాకుల కస్తూర్బా విద్యాలయం లాంటి ప్రభుత్వ బడిలో చదివే అమ్మాయి అడిగితే, ఇంట్లోవాళ్లకైనా బంధువులకైనా తెలిసిన లెక్క ఒక్కటే. 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే, 23 ఐఐటీల్లో సీట్లు 17,740. లెక్క నిజమే కానీ, అది ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు కాదు. రిజర్వేషన్ సీట్లకు వేరే ర్యాంకుల జాబితాలున్నాయి, 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లున్నాయి. ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో, ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో ఐఐటీ సీట్లు కేటాయించే జోసా ఏటా బయటపెడుతుంది. అంచనా మొదలవ్వాల్సింది అక్కడ. కోచింగ్ సంస్థల హోర్డింగుల మీద నెగ్గినవాళ్ల ఫొటోలే ఉంటాయి, చేరినవాళ్లు మొత్తం ఎందరో ఉండదు. అందుకే వాటితో ఏ అంచనాకూ రాలేం.

పాత ర్యాంకులు ఈ ఏడాదికి పనికొస్తాయా అన్న సందేహం సబబే. పేపరు కష్టమైతే అందరి మార్కులూ తగ్గుతాయి, ర్యాంకు మాత్రం తోటివారిలో మన స్థానం. కాబట్టి మార్కుల కటాఫ్ కంటే ఆఖరి ర్యాంకులే నమ్మదగినవి, అవీ మూడు నాలుగేళ్లవి కలిపి చూస్తే. ఇంత లెక్క పిల్లల ఆశను చంపేస్తుందని కొందరి భయం. కానీ పేదింటి పిల్లను నిజంగా వెనక్కి నెట్టేది ఆ లక్షల అంకె. తన కేటగిరీ ర్యాంకులు చూసిన పిల్ల ఎంత దూరం వెళ్లాలో తెలుసుకుంటుంది, రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కూ దరఖాస్తు పెట్టుకుంటుంది. ఆ పట్టికలు పక్కన కూర్చుని చదివి చెప్పే ఉపాధ్యాయులు ప్రతి ప్రభుత్వ బడిలో ఉండాలని గట్టిగా అడుగుతున్నాం.