చిరునామా పెరిగినంతనే చాటు కలుగునా?

"అంతర్జాలములో క్రొత్త చిరునామా పద్ధతి వ్యాపించుచున్నది, ఇక వీపీఎన్‌తో పని యేమి?" అను ప్రశ్న కంప్యూటర్ విద్య నేర్చువారికి కలుగుట సహజము. ప్రశ్న సమంజసమైనదే. కాని సమాధానము చెప్పుటకు ముందు చిరునామా చేయు పని యేది, వీపీఎన్ అనబడు వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ చేయు పని యేది అని వేరుపరచి చూడవలెను.

పాత పద్ధతియైన ఐపీవీ4 1981లో స్థిరపడినది. అందు చిరునామాకు 32 బిట్లు. మొత్తము చిరునామాలు సుమారు 430 కోట్లు. ప్రపంచమునకు అవి చాలవని త్వరలోనే తేలిపోయెను. ఒక్క బహిరంగ చిరునామా వెనుక అనేక యంత్రములను నిలుపు 'నాట్' అను ఉపాయము 1994లో ప్రకటింపబడినది. ఉమ్మడి కుటుంబమున కంతకును వీధిలో ఒకే ఇంటి నంబరు ఉన్నట్లు, ఒక పాఠశాలలోని కంప్యూటర్లన్నియు బయటి లోకమునకు ఒక్కటిగా కనబడుట దీని ఫలితమే. 1998లో వెలువడిన ఐపీవీ6లో చిరునామాకు 128 బిట్లు. ఇందు ప్రతి యంత్రమునకును సొంత చిరునామా నీయవచ్చును.

కనుక వీపీఎన్ అక్కరలేదను వారి వాదములో సత్యము లేకపోలేదు. నాట్ వెనుకనున్న యంత్రమును బయటినుండి చేరుటకే దానిని పెట్టుకొన్నవారికి ఆ ఇబ్బంది చాలవరకు తొలగును. అంతియేకాదు, ఐపీసెక్ అను గుప్తరక్షణ విధానము ఐపీవీ6 యంత్రములన్నిటను ఉండి తీరవలెనని మొదట నియమము. అయితే 2011లో ఆ నియమము సడలింపబడి సలహాగా మారినది. అది ఉన్నచోటను రహస్యపు తాళపుచెవులను ఏర్పరచి నడుపువారు లేనిదే పనిచేయదు. తలుపు బిగించినంత మాత్రమున గడియ పడదు గదా!

చిరునామా ఉత్తరమును చేర్చును. దారిలో ఇతరులు చదువకుండ ఆపదు. వచ్చినవాడు ఎవడో నిర్ధారింపదు. ఇంటినుండి విద్యార్థుల మార్కులు నమోదు చేయు ఉపాధ్యాయుని ఊహింపుడు. క్రొత్త పద్ధతిలో ఆయన పాఠశాల యంత్రమును నేరుగా చేరగలడు. అడ్డులేనిచో అపరిచితుడును అంతే నేరుగా చేరగలడు! ఫైర్‌వాల్ అపరిచితుని ఆపవచ్చును. కాని ఉపాధ్యాయుని గుర్తించి లోనికి రానిచ్చుటకును, ఆయన పంపు సమాచారమును గుప్తపరచుటకును వీపీఎన్ గాని, దానితో సమానమైన మరియొక ఏర్పాటు గాని కావలసినదే. నేడు అనేక వెబ్‌సైట్లు హెచ్‌టీటీపీఎస్ ద్వారా ఈ పనిని తామే చేయుచున్నవి. అట్టి చోట్ల వీపీఎన్ అవసరము తగ్గినమాట నిజము. తగ్గించినది మాత్రము క్రొత్త చిరునామా కాదు.

ఇక వీపీఎన్ ఉన్నచో అంతయు భద్రమే యనుకొనుటయు పొరపాటే. కొన్ని వీపీఎన్‌లు ఐపీవీ4 రాకపోకలను మాత్రమే తమ సొరంగము గుండ నడపును. ఐపీవీ6 రాకపోకలు బయటి దారినే పోవుచుండును. వాడువాడు మరుగున ఉన్నాననుకొనును. అతని అసలు చిరునామా అవతలివారికి కనబడుచునే యుండును. మరియు వీపీఎన్ నమ్మకమును ఒకచోటినుండి మరియొక చోటికి మార్చునే గాని, నమ్మవలసిన అవసరమును తొలగింపదు. ఇంటర్నెట్ సంస్థకు తెలియకూడదనుకొన్నది వీపీఎన్ సంస్థకు తెలియును. భారతదేశములో ఆ సంస్థలు ఖాతాదారుల వివరములను 5 సంవత్సరములు భద్రపరుపవలెనని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించినది. ఉచితముగా దొరకినదని ఏదో ఒక వీపీఎన్‌ను ఫోనులో పెట్టుకొను విద్యార్థి ఈ సంగతి ముందుగా యోచింపవలెను.

కాబట్టి "వీపీఎన్ కావలెనా, వద్దా?" అనుటకంటె "దేనికొరకు?" అనుట మేలు. చేరుటకే అయినచో ఐపీవీ6 చాలును. దాచుటకైనచో చాలదు. ఈ భేదము తెలియక కావలి తీసివేసిన పాఠశాలలో నష్టపోవునవి యంత్రములు కావు, పిల్లల వివరములు.