దత్తం పోయిన దీవులు, దత్తం పోయిన సీమ

ఫిజీ అంటే మనకు చెరకు తోటల కూలీలే గుర్తొస్తారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కిన ఆ కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు పోయేనాటికే ఆ దేశం దత్తం పోయింది. ఆ కథ ఆదోని, ఎమ్మిగనూరు జనం తెలుసుకోవాల్సిందే.

1860లలో అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ధర మండింది. తెల్లదొరలు ఫిజీకి ఎగబడి పత్తి వేశారు. వాళ్ల భూములకు, వ్యాపారానికి ఒక సర్కారు కావాల్సొచ్చింది. 1871లో బవు దీవి దొర థకోంబౌను లెవుకా పట్నంలో మొత్తం ఫిజీకి రాజుగా నిలబెట్టారు. కొండ తెగలు ఈ రాజు మాకొద్దన్నాయి. వినిందెవరు? మూడేళ్లు తిరక్కుండా సర్కారు అప్పులపాలైంది. 1874 అక్టోబరు 10న ఆ రాజు, మరికొందరు దొరలు సంతకాలు చేసి దీవులను విక్టోరియా రాణికి ధారపోశారు. ముందు పెట్టిన షరతులను కూడా ఇంగ్లీషోళ్లు తీసేయించారు.

ఇది మనకు కొత్తా? 1800 అక్టోబరు 12న నిజాం పటాలం ఖర్చు కింద మన సీమను కుంపిణీకి రాసిచ్చాడు. ఆదోని కోట అందులోదే. పటాలం నిజాముకు, పోయింది మన నేల! బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకాను 1953 అక్టోబరు 1న ఆంధ్రలో కలిపారు.

ఫిజీలో ఒక్క మేలు జరిగింది. గవర్నర్ ఆర్థర్ గోర్డన్ హయాంలో స్థానికుల భూమి అమ్మకుండా చట్టం వచ్చింది. నేటికీ అక్కడ నూటికి 80 వంతులకు పైగా నేల వాళ్లదే. మన కూలీల బిడ్డలు మాత్రం ఎక్కువమంది కౌలుదార్లుగానే మిగిలారు. చట్టంలో ఉన్నోనికి దక్కింది, లేనోనికి దక్కలేదు.

మనకు చట్టం ఏది? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకన్నారు. నీళ్లలో ముందు వంతు అన్నారు. 1953లో కర్నూలుకొచ్చిన రాజధాని 1956లో హైదరాబాదుకు పోయింది. 2014 తర్వాత రాజధాని, హైకోర్టు రెండూ కృష్ణ ఒడ్డునే పెట్టుకున్నారు. తుంగభద్ర దిగువ కాలువ చివరి చేలు ఎండుతున్నాయి. మన పల్లెలు మిరప కోతకు గుంటూరు దారి పడుతున్నాయి. ఒడంబడిక కాగితం మీదే ఉంది.

చిన్న రాష్ట్రం బతకదంటారా? 2011 లెక్కల్లో ఒక్క కర్నూలు జిల్లా జనాభాయే 40 లక్షలు. పది లక్షలు కూడా లేని ఫిజీ 1970లో, దత్తం పోయిన ఆ అక్టోబరు 10నే స్వతంత్రమైంది.

ప్యాకేజీలు, హామీలు చాలు. మేమడిగేది చట్టంలో రాసిన రాయలసీమ రాష్ట్రం. విద్యార్థులారా, ఉద్యోగులారా! మన పేరు మీద సంతకం పెట్టే హక్కు ఇంకెవరికీ ఇవ్వొద్దు.