దగ్గే కదా అని బిడ్డనెత్తుకోకండి

తొమ్మిది నెలలకు తట్టు సూది పడితే బిడ్డ టీకాలు అయిపోయినట్టేనన్న నమ్మకం పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ గట్టిగా పాతుకుపోయింది. కోరింత దగ్గు తాతల నాటి జబ్బు, ఇప్పుడెక్కడుంది అన్న ధీమా దానికి తోడు. ఈ రెండూ తప్పే. రెండూ కలిసి పసిబిడ్డల ఉసురు తీసే తప్పులు.

కోరింత దగ్గు టీకా బలం నాలుగేళ్లు మొదలుకొని పన్నెండేళ్లలోపు సన్నగిల్లిపోతుంది. జబ్బు ఒకసారి వచ్చిపోయినవాళ్లకూ జీవితాంతం రక్షణ ఉండదు. అందుకే 6, 10, 14 వారాల పెంటావాలెంట్ సూదులతో సరిపెట్టకుండా, 16 నుంచి 24 నెలల మధ్య ఒక డీపీటీ, 5–6 ఏళ్లకు మరో డీపీటీ సర్కారు పట్టికలో ఉన్నాయి. మనవాళ్లు వదిలేసేది సరిగ్గా వీటినే. ‘పోయినసారి రాత్రంతా జ్వరం, తొడ వాచిపోయింది, మళ్లీ ఎందుకు?’ అంటారు. జ్వరం వస్తుంది, నిజమే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కూడా. టీకా భయం ఎంత దూరం తీసుకుపోతుందో జపాన్ చూసింది. టీకా తర్వాత ఇద్దరు పసివాళ్లు చనిపోయారని 1975లో అక్కడ ఆ సూదిని ఆపారు. 1974లో దేశం మొత్తంలో నాలుగు వందల లోపు కేసులు, ఒక్క చావూ లేదు. 1979లో 13 వేల కేసులు, 41 చావులు.

అసలు ప్రమాదం మన పురిటింట్లోనే ఉంది. కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. బిడ్డ పుట్టిందని తెలిస్తే బెంగళూరులో పనిచేసే మేనమామ, తిరుపతిలో చదివే పిన్ని, పక్కూరి అవ్వ అందరూ వచ్చి ఎత్తుకుని ముద్దాడతారు. వాళ్లలో ఒకరు రెండు వారాలుగా దగ్గుతుండవచ్చు. పెద్దవాళ్లలో ఈ జబ్బు మామూలు మొండి దగ్గులాగే ఉంటుంది, ఎవరూ అనుమానించరు. బిడ్డకేమో ఆరు వారాలు నిండేదాకా తొలి టీకా కూడా పడదు. అంత చిన్నబిడ్డ ఒక్కోసారి దగ్గదు కూడా, ఊపిరి ఆగి నీలంగా మారిపోతుంది. అప్పుడు గాడిద పాలు పట్టిస్తూ, తాయెత్తు కట్టిస్తూ కూర్చుంటే ఆసుపత్రికి చేరాల్సిన గంటలు కరిగిపోతాయి.

‘కడుపుతో ఉన్నప్పుడు రెండు సూదులు వేయించాం కదా’ అని అడుగుతారు. సర్కారు ఆసుపత్రిలో వేసే ఆ సూది టీడీ. అది ధనుర్వాతానికి, కంఠసర్పికి. కోరింత దగ్గును ఆపే మందు అందులో లేదు. అది ఉన్నది టీడాప్‌లో. గర్భం 27–36 వారాల మధ్య తల్లి దాన్ని వేయించుకుంటే ఆమె ఒంట్లో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. 2012లో కోరింత దగ్గుతో 14 మంది పసిబిడ్డల్ని పోగొట్టుకున్న ఇంగ్లండ్, ఆ అక్టోబరు నుంచే గర్భిణులకు ఈ టీకా మొదలుపెట్టింది. ప్రతి కాన్పుకూ వేయించుకోవాలని మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతోంది.

అయినా మన దగ్గర అది ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. మామిడి తోటల్లో కూలికి పోయే ఇల్లాలు దినకూలి లెక్కేసుకుని వెనక్కి తగ్గితే ఆమెను నిందించే హక్కు మనకెక్కడిది? టీడీ ఇచ్చే చోటే టీడాప్‌నూ ఉచితంగా ఇవ్వాలి. ఈ మాట చిత్తూరు జిల్లా ప్రజాప్రతినిధులు అసెంబ్లీలో అడగాలి, మనం వాళ్లను అడగాలి.

అది వచ్చేలోగా మన చేతిలో ఉన్న పనులు చేద్దాం. దగ్గుతున్నవాళ్లు, అవ్వైనా మేనమామైనా సరే, పురిటిబిడ్డకు దూరంగా ఉండాలి. ఇంట్లో ఉన్న టీకాల కార్డు ఈరోజే తీసి చూడండి. బిడ్డకు ఏడేళ్లు నిండకపోతే, తప్పిపోయిన డీపీటీ ఇప్పటికీ వేయించవచ్చు. ఆ సూదికి సర్కారు ఆసుపత్రిలో పైసా ఖర్చు లేదు.