ఒక పేపరు, రెండు డిగ్రీలు

ఒకసారి ప్యాసైన పి.జి. పేపరును రెండో డిగ్రీకి కూడా లెక్కలో వేసుకోవచ్చునా? వినడానికిది ఆఫీసు గుమాస్తాలు తేల్చవలసిన చిన్న సంగతిలా ఉంటుంది. కాని పల్లెటూళ్ళనుంచి వచ్చి పై చదువులు చదవాలనుకునే మనకు ఇది కాలానికీ, ఇంట్లోవాళ్ళ డబ్బుకూ సంబంధించిన ప్రశ్న.

ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చునని 2022 ఏప్రిల్‌లో యు.జి.సి. అనుమతించింది. సంతోషమే. అంతకుముందే, 2021 జూలైలో, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వచ్చాయి. మనం ప్యాసైన పేపర్ల క్రెడిట్లు ఆ ఖాతాలో జమ అవుతాయి, గరిష్ఠంగా ఏడేళ్ళు చెల్లుతాయి. మరో విశ్వవిద్యాలయంలో సంపాదించినవి కూడా డిగ్రీకి సగం దాకా తెచ్చుకోవచ్చు. అయితే ఒక డిగ్రీకి వాడిన క్రెడిట్లు ఖాతాలోంచి ఖర్చయిపోతాయి, మళ్ళీ పనికిరావు. అంటే పొరుగింటి క్రెడిట్టు చెల్లుతుంది గాని, మన పాత క్రెడిట్టు చెల్లదన్నమాట!

తిరకాసంతా ఆ బ్యాంకు అన్న మాటలోనే ఉంది. మా నాన్న పొలం ఒక బ్యాంకులో తాకట్టుపెట్టి పంటరుణం తెస్తే, అదే పొలం మీద ఇంకో బ్యాంకు అప్పివ్వదు. న్యాయమే, జప్తు చెయ్యడానికి ఉన్న పొలం ఒక్కటే. లీనియర్ ఆల్జీబ్రా అలాంటిది కాదే! ఒక డిగ్రీకి వాడినంత మాత్రాన బుర్రలోంచి తరిగిపోదు గదా.

మా పెదనాన్నగారి అబ్బాయి ఎమ్మెస్సీ మాథమాటిక్స్ మంచి మార్కులతో ప్యాసై, తర్వాత స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీకి చేరాడు. మొదటి సెమిస్టరులోనే రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా మళ్ళీ ఎదురయ్యాయి. పాత నోట్సు దుమ్ము దులిపి అదే చదివాడు. నాలుగు క్రెడిట్ల పేపరంటే 60 గంటల పాఠం. రెండు పేపర్లకు 120 గంటలు తెలిసిందే వింటూ కూర్చున్నాడు. హాజరు తప్పదాయె, నాట్ల రోజుల్లో ఇంటికి రాలేకపోయాడు. పెదనాన్న అదనంగా కూలీలను పెట్టుకున్నారు. ఇందులో విద్యాప్రమాణం ఎక్కడ పెరిగిందో నాకు బోధపడదు.

ఇలా వదిలేస్తే ఒకటిన్నర డిగ్రీ చదివి రెండు పట్టాలు పట్టుకుపోతారని కొందరు అధ్యాపకుల భయం. ఆ భయం ఉత్తది కాదు. కాని దానికి మందు హద్దు పెట్టడం, తలుపు మూయడం కాదు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం మూడేళ్ళు, ఎం.బి.ఏ. రెండేళ్ళు, రెండూ కలిపి చేసేవారికి నాలుగేళ్ళే. అక్కడిదాకా ఎందుకు? ఎం.ఫిల్. చేసినవారికి పీహెచ్.డి. కోర్సువర్కు మినహాయించవచ్చునని 2016 నాటి యు.జి.సి. నిబంధనలే చెప్పాయి. 2022 నిబంధనలతో ఎం.ఫిల్. ఆగిపోయింది. ఆ మినహాయింపులోని తర్కం మాత్రం ఎక్కడికి పోతుంది?

రెండో పి.జి.లో నాలుగోవంతు దాకా, సిలబస్ ఒకటేనని డిపార్టుమెంటు ఒప్పుకున్న పేపర్లను లెక్కలోకి తీసుకోమని నా కోరిక. ప్రాజెక్టు మాత్రం దేనికదే ఉండాలి. అట్ట మార్చి పాత రిపోర్టే ఇస్తామంటే తిప్పికొట్టవలసిందే. ఆ విషయంలో నేను మన లెక్చరర్ల పక్షమే.