పాట నేర్చితిమి, పేరు మఱచితిమి

మన యిండ్లలో నొక వింత యాచారము కలదు. శ్లోకము చదివినపుడు కాళిదాసుదందుము. పద్యము చదివినపుడు పోతనదందుము. నాటకపు పాట పాడినపుడు మాత్రము "ఏదో నాటకములోనిది" యని యూరకుందుము. సినిమాపాట యైనచో నది పాడినవారిది, లేదా తెరమీద పెదవులు కదపినవారిది! పాట వ్రాసిన వాడొకడుండునను తలంపే మనకు రాదు. ఈ యాచారము చూచుటకు చిన్నది. దానివలన నొక కవి జీవితమంతయు మఱుగున పడినదని చూపుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇటీవల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మాకు పరిచయమున్న కుటుంబములవారిని మేమొక ప్రశ్న యడిగితిమి. తెర లేచుటకు ముందు నాటకసమాజములవారెల్లరు నిలువబడి పరమేశ్వరుని స్తుతించుచు పాడు ప్రార్థన యున్నది కదా, దానిని వ్రాసినదెవరని. పెద్దలు పాట నంతయు తడబడక పాడిరి. పాడుచు కన్నులు తుడుచుకొనినవారును కలరు. కవి పేరు చెప్పినవారు లేరు. "అది పూర్వంనుంచి వస్తున్నది బిడ్డా" యని యొక వృద్ధురాలు మమ్ము సమాధానపఱచినది. పూర్వమునుండి వచ్చుటకది వేదము కాదు. దానిని వ్రాసినవాడు సూర్యాపేటనుండి ఖమ్మము పోవు బాటలోని నాయకన్‌గూడెమున 1956 మే 14వ తేదీన కన్నుమూసిన చందాల కేశవదాసు.

కేశవదాసు 1876 జూన్ 20న, నేటి ఖమ్మము జిల్లా కూసుమంచి మండలములోని జక్కేపల్లిలో జన్మించెను. అది నైజాము రాజ్యము. కచేరీలలో ఉర్దూయే గాని తెలుగునకు చోటు లేని కాలము. అట్టిచోట పెరిగి యాయన హరికథలు చెప్పెను, అవధానములు చేసెను, వైద్యము చేసెను, నాటకములు వ్రాసెను, వేషము కట్టెను. ఆయన "కనకతార" నాటకము 1937లో సరస్వతీ టాకీసువారిచే చలనచిత్రముగా తీయబడెను. "శ్రీకృష్ణ తులాభారము" నాటకము ముత్తరాజు సుబ్బారావుగారిది. అందు కృష్ణుని వేలమునకు పెట్టు ఘట్టములోని బేరపుపాట మాత్రము కేశవదాసుది. 1966లో నా కథ మరల తెర కెక్కినపుడు సైతము ఆ పాట లేక పని జరుగలేదు.

అన్నిటికంటె పెద్దమాట వేఱొకటి కలదు. తెలుగువారి తొలి టాకీ యైన "భక్త ప్రహ్లాద"కు పాటలు వ్రాసి, తొలి సినిమాకవి యనిపించుకొన్నవాడీతడే. హెచ్.ఎం. రెడ్డిగారి యా చిత్రము 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయ్యెను. 1931 సెప్టెంబరు 15 అని మనము బహుకాలము నమ్మితిమి. సెన్సారు కాగితములు వెదకి పరిశోధకు లా తప్పు దిద్దిరి. సంతోషమే. చిత్రము పుట్టిన దినమునకై యింత వాదించుకొన్న మనము, అందు తొలిపాట వ్రాసిన కవి పుట్టిన యూరెక్కడనో యడిగితిమా?

ఇందుకు కారణమును దూరమున వెదకనక్కఱలేదు. అది చదువుకొన్న మన యిండ్లలోనే యున్నది. నాటకశాలకు పోవుట దోషమని, నాటకములాడు స్త్రీలు గౌరవింపదగినవారు కారని మన తాతలు తలంచిరి. వీరేశలింగము పంతులుగారు 1880లోనే నాటకమును సంస్కారమున కాయుధముగా చేపట్టిరి. తొలి టాకీలో లీలావతి వేషము కట్టిన సురభి కమలాబాయిని నేడు మనము గౌరవముతో తలంచుచున్నాము. స్త్రీలపట్లనున్న యేహ్యభావమును కొంత వదలుకొంటిమి. పాటపట్ల నున్న యేహ్యభావమును వదలుకొనలేదు. గ్రామఫోను పెట్టెను నట్టింటికి తెచ్చుకొంటిమి గాని, పాటకవిని వీధి యరుగుమీదనే నిలిపితిమి. సంస్కారులమని చెప్పుకొను మనకిది తగునా?

తెలంగాణమున కవులు పూజ్యమని యొకరాక్షేపింపగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి, దానికి చాలిన సమాధానము చెప్పిరి. ఆ సంచికకు రెండేండ్లు ముందే నైజాము రాజ్యపు కవి వ్రాసిన మాటలు తెలుగు తెరపై పలికియుండినవి. పద్యకవుల లెక్క యట్లు తేలినది. పాటకవుల లెక్క తేల్చు ప్రతాపరెడ్డిగా రెవరు?

"నాటకపుపాటలో కవిత్వమేమున్నది?" అని పెదవి విఱుచువారు కలరు. అయ్యా! పద్యము తెలియకపోయిన మరల చదువుకొనవచ్చును. పాట యట్లు గాదు. పెట్రోమాక్సు దీపముల వెలుగున, చాపమీద వెనుకవరుసలో కూర్చున్న కూలివానికిని, ముందు కుర్చీలో కూర్చున్న పట్వారీకిని ఒక్కసారి వినినంతనే తెలియవలెను, హార్మోనియముపై నిలువవలెను, కథను నడపవలెను, "వన్స్‌మోర్" అన్నచో రెండవమాఱును రక్తి కట్టవలెను. సంతలో బేరగాడాడు మాటలతో జగన్నాథుని వెల కట్టించి, ఆ నవ్వులోనే సత్యభామ గర్వము కరుగునట్లు చేయుట కవిత్వము కాదేని మఱేది కవిత్వము?

"పాట ప్రజలసొత్తు, పేరుతో పనియేమి?" అను వాదము మఱి తీయనైనది, కనుకనే మఱి ప్రమాదమైనది. భాగవతము ప్రజలసొత్తు కాదా? పోతన పేరు చెప్పుట మానితిమా? గొప్పవాని పేరును తలమీద పెట్టుకొని, పల్లెకవి పేరును ప్రజలలో కలిపివేయుట యెక్కడి న్యాయము? ఇది కేశవదాసున కొక్కనికే జరుగలేదు. తెలంగాణ సాయుధపోరాటకాలమున నైజాము నెదిరించి బండి యాదగిరి కట్టిన పాటను గౌతమ్ ఘోష్‌గారి "మా భూమి" చిత్రమున గద్దరుగారు పాడగా తెలుగుదేశమంతయు వినెను. పాడినవారి నందఱెఱుగుదురు, అది న్యాయమే. కట్టినవాని పేరు పదుగురిలో నెందఱు చెప్పగలరు?

మిర్యాలగూడ, కోదాడ పొలములకు నాగార్జునసాగరపు టెడమకాలువ నీరు వచ్చును. ఆ కాలువయే కేశవదాసు తనువు చాలించిన నాయకన్‌గూడెముకడ పాలేరు జలాశయమును నింపును. నీరెక్కడినుండి వచ్చునో, ఎన్నడు విడుతురో మన రైతు అడుగక మానడు. నీటికి మూలమడుగు సీమవారు పాటకు మూలమడుగరా?

చట్టమునుగూర్చియు నొకమాట. కవి మరణించిన పిదప అఱువదియేండ్లు వాని రచనలపై హక్కు వాని వారసులదని మన చట్టము. అనగా కేశవదాసు పాటలపై హక్కు 2016వ సంవత్సరాంతముతో ముగిసినది. 2012లో చేసిన సవరణ సినిమాకవుల రాబడిలో వాటాను వారు వ్రాసి యిచ్చివేసినను పోనిదిగా చేసినది. ఆ మేలు నేటివారికి, 1956లో గతించినవానికి కాదు. కావున ఆయన పాటను నేడు ఎవరైనను ఒక్క కానియైన చెల్లింపక పాడుకొనవచ్చును. ధనఋణము చట్టముచే తీరినది. నామఋణము మాత్రము మిగిలియున్నది. దానిని తీర్చుట మన మర్యాద.

2023 మార్చిలో తెలంగాణమునకు చెందిన చంద్రబోసుగారు సినిమాపాటకై ఆస్కారు బహుమానము నందుకొనిరి. కీరవాణిగారితో సమముగా పాట వ్రాసినవానిని వేదికపైకి పిలిచి పేరుతో గౌరవించిరి. పరదేశమున తెలుగుపాటకవికి దక్కిన యీ మర్యాద, తొలి తెలుగు సినిమాకవికి స్వదేశమున, స్వంత సీమలో, స్వంత గృహములలో దక్కలేదు.

మేము విగ్రహము లడుగుట లేదు. విగ్రహములకు దుమ్ము పట్టును. నాటకము లాడువారు ప్రార్థనకు ముందు కవి పేరు నొక్కమాఱు చెప్పవలెను. పాఠశాలలో పాట నేర్పు పంతులుగారు పలకపై పాట క్రింద పేరు వ్రాయింపవలెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గ్రంథాలయములవారు, జ్ఞప్తియున్న వృద్ధులు జీవించియుండగానే వారు పాడు పాటలను వ్రాయించి యుంచవలెను. ఇంటిలో బిడ్డకు పాట నేర్పు తల్లి, బిడ్డ యడుగకున్నను, "ఇది వ్రాసినది చందాల కేశవదాసు" అని చెప్పవలెను. ఇందు దేనికిని చందాలు వసూలు చేయ నక్కఱలేదు, సభలు కూర్చ నక్కఱలేదు. ఇంత సులభమైన పనినిగూడ చేయలేనివారము పెద్ద సంస్కారములనుగూర్చి మాటలాడుట మానుకొనుట మంచిది.