బూచిని చూపి నిషేధమా?

గుప్పెడు మంది బెదిరిస్తే ప్రభుత్వాలు సినిమాలను ఆపేయడం మన దేశంలో కొత్త కాదు. రాజ్‌పుత్ రాణి కథతో వచ్చిన హిందీ సినిమా ‘పద్మావత్’ గొడవే చూడండి. తమ రాణిని కించపరిచారంటూ వీధికెక్కిన, తెలుగునాట ఎవరికీ పెద్దగా తెలియని రాజ్‌పుత్ సంఘం కర్ణిసేన పేరును టీవీ చానళ్లు రాత్రింబవళ్లు మోగించాయి. తల నరుకుతామన్నవారికీ, ముక్కు కోస్తామన్నవారికీ గంటలకు గంటలు చర్చల్లో పీట వేశాయి. సెన్సార్ బోర్డు సినిమా పేరు మార్పించి మరీ సర్టిఫికెట్ ఇచ్చినా రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, హరియాణా ప్రభుత్వాలు ప్రదర్శన కుదరదన్నాయి. గుజరాత్‌లో 2017 డిసెంబరులో ఎన్నికలు. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో 2018 చివర్లో. అది శాంతిభద్రతల లెక్కో, ఓట్ల లెక్కో విడమరిచి చెప్పనక్కర్లేదు.

2018 జనవరి 18న సుప్రీంకోర్టు నిషేధాలను నిలిపివేసింది. 25న సినిమా వచ్చింది. ప్రళయమేమీ రాలేదు. దేశంలోనే రూ.300 కోట్లకు పైగా వసూలు చేసింది. రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో మాత్రం కోర్టు చెప్పినా చాలామంది థియేటర్ల యజమానులు బొమ్మ వేయలేదు. ఆపద వస్తే సర్కారు అండగా నిలుస్తుందన్న నమ్మకం వారికి లేకపోయింది.

భయమంతా ఉత్తిదేనని మేం అనడం లేదు. జైపూర్‌లో దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీపై చేయి చేసుకున్నారు, గురుగ్రామ్‌లో పసిపిల్లలున్న స్కూలు బస్సుపై రాళ్లు రువ్వారు. అవి నేరాలు. రాయి వేసినవాణ్ని పట్టుకోవడం పోలీసుల పని, సినిమాను పట్టుకోవడం కాదు. పైగా అంత అలజడి చేసినవారు సమాజంలో ఎందరు? తమ కులం మొత్తం తమ వెనకే ఉందని వారు చెప్పుకుంటే నేతలు నిజమని నమ్మారు, లేదా నమ్మినట్టు నటించారు.

చట్టంలో అస్పష్టత ఏమీ లేదు. హింస జరుగుతుందన్న బెదిరింపులకు లొంగి భావప్రకటనను అణచరాదని 1989లోనే ఓ తమిళ సినిమాపై నడిచిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో హాలీవుడ్ సినిమా ‘ద డావిన్సీ కోడ్’ను నిషేధిస్తే మన హైకోర్టే కొట్టేసింది. కన్నడ భాషపై కమల్ హాసన్ అన్న ఒక్క మాటకు కర్ణాటకలో ఆగిన ఆయన సినిమా ‘థగ్ లైఫ్’ విషయంలో 2025 జూన్‌లో సుప్రీంకోర్టు అదే పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం కోరేది ఒక్కటే. రేపు ఏ సంఘమైనా ఏ సినిమాపైనైనా బెదిరింపులకు దిగితే, సంఘ నేతలను చర్చలకు పిలిచే ముందు వారిపై కేసు పెట్టండి. థియేటర్ల వద్ద పోలీసులను నిలబెట్టండి.