చూసినోడు ఎవరికి చెప్పాలి?

2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి అప్పటి పంచాయతీరాజ్ మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాణాలు కోల్పోయారు. పీపుల్స్‌వార్ నక్సలైట్ల పని అది. ఘట్‌కేసర్ ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. చుట్టూ కాలేజీలు, వెంచర్లు, అవుటర్ రింగురోడ్డు. శామీర్‌పేటలో ఫ్లాటు కొనుక్కున్న ఇవాళ్టి కుర్రాడికి మందుపాతర అంటే టీవీ స్క్రోలింగులో పోయే మాట, ఎక్కడో బస్తర్ సంగతి. అయితే ఘట్‌కేసర్ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారే వరంగల్, ములుగు, ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. మేడారం జాతరకు మనవాళ్లు పట్టే దారి కూడా అదే.

ఆ దారిన పోతే తగిలే ములుగు జిల్లా వాజేడు మండలంలో, కొంగాల అడవిలో, 2024 జూన్‌లో వంటచెరుకు కోసం వెళ్లిన ఒకాయన మందుపాతర పేలి చనిపోయాడు. పోలీసుల కోసం పెట్టిన దానికి కట్టెలు ఏరుకునేవాడు బలయ్యాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఆ వైపే ఉన్న కర్రెగుట్టల మీద బాంబులు అమర్చాం, ఎవరూ అటు రావద్దని మావోయిస్టుల పేరిట లేఖ వచ్చింది. ఆ నెల 21 నుంచి మే 11 దాకా కేంద్ర బలగాలు ఆ గుట్టలను జల్లెడ పట్టి, 450 ఐఈడీలు దొరికాయని ప్రకటించాయి. దొరకనివి ఎన్ని మిగిలాయో తేలేది ఎప్పుడో ఎవరి కాలికిందో అవి పేలినప్పుడే.

ఏప్రిల్, మే నెలలంటే తునికాకు కాలం. తెల్లారకముందే ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. చూపు కొమ్మ మీద, చెయ్యి ఆకు మీద. కాలు ఎక్కడ పడుతోందో చూసుకునే తీరిక ఎవరికుంటుంది? ఎండ ముదిరేలోగా మోపు నింపి ఇంటికి చేరాలి, 50 ఆకులకో కట్ట కట్టి సాయంత్రానికి కల్లంలో అప్పగించాలి. ఏడాదిలో చేతికి నగదు వచ్చే రోజులు అవే కొన్ని. అలాంటి మనిషితో ‘గుట్టకు పోవద్దు’ అనడం హెచ్చరిక అవుతుంది గానీ చదువు కాదు. పోవద్దని ఆ మనిషికీ తెలుసు. పోకపోతే పొయ్యి వెలగదనీ తెలుసు.

కంబోడియాలో యుద్ధం ముగిసి దశాబ్దాలైనా పాతరలు ఏరుతూనే ఉన్నారు. పుర్రె బొమ్మ వేసిన ఎర్రబోర్డు చూసి కూడా పొలంలోకి పోయినవాళ్లు అక్కడ తెలియక పోలేదు, పంట కోసం పోయారు. అందుకే ఈ పని తెలిసినవాళ్లు బోర్డులు పాతి ఊరుకోరు. ఏ దారిలో వెళ్లొచ్చో ఊరివాళ్లతోనే పటం గీయిస్తారు. కొత్తగా తవ్విన మట్టి, దారికి అడ్డంగా సన్నటి తీగ, ఎవరూ లేని చోట పడున్న టిఫిన్ డబ్బా కనిపిస్తే ఏం చేయాలో పిల్లలతో ఆడించి నేర్పుతారు. ముట్టుకోవద్దు, రాయి విసరొద్దు. ఉన్నచోటే ఆగి, వెనకవాళ్లను కేకేసి ఆపాలి. వచ్చిన అడుగుజాడలు స్పష్టంగా కనిపిస్తే వాటి మీదే వెనక్కి రావాలి, లేకపోతే కదలకుండా సాయం కోసం పిలవాలి. ఇంతే. ఇది పెద్ద విద్యేమీ కాదు.

కష్టమంతా ఆ తర్వాతే. చూసింది ఎవరికి చెప్పాలి? మన అడవి పల్లెల్లో పోలీసులకు చెప్తే ఇన్‌ఫార్మర్, చెప్పకపోతే మిలిటెంట్. ‘అక్కడుందని నీకెట్లా తెలుసు?’ అన్న ప్రశ్న స్టేషన్‌లో ఎదురవుతుంది, అదే ప్రశ్న రాత్రిపూట అన్నలూ అడుగుతారు. ఈ భయం తీర్చకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా వృథాయే. బడి పంతులుకో ఆశా వర్కర్‌కో చెప్తే చాలు, పేరు బయటికి రాదు, కేసు పెట్టరు అన్న భరోసా ముందు కావాలి. దళాలు ఖాళీ అవుతున్న ఈ రోజుల్లో అలా భరోసా ఇవ్వడం సర్కారుకు మునుపటంత కష్టమేమీ కాదు. మనసుంటే.

ఇది అడవి కథేనని మేడ్చల్ పాఠకులు పేజీ తిప్పేస్తారేమో, ఆగండి. మన కాలనీల పునాదుల కోసం పగిలిన గుట్టలన్నీ పేలుడుతోనే పగిలాయి. కూకట్‌పల్లిలో ఒకప్పుడు డిటోనేటర్లు తయారుచేసిన ఐడీఎల్ పేరు ఇవాళ వినాయకుల్ని నిమజ్జనం చేసే చెరువుకు మిగిలింది. ఎలక్ట్రిక్ డిటోనేటర్ వేలెడంత అల్యూమినియం గొట్టం, దానికి రెండు రంగు తీగలు. చూస్తే బొమ్మ సామానులా ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీకి ఆ తీగలు తగిలిస్తే చాలు, వేళ్లు ఎగిరిపోతాయి, కళ్లూ పోవచ్చు. ఈ రకం తయారీని, దగ్గర ఉంచుకోవడాన్ని, దిగుమతిని కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. మంచిదే. కానీ అంతకుముందు పొదల్లో, మట్టి కుప్పల్లో పడినవాటికి గెజిట్ చదవడం రాదు.

క్వారీ పక్కన రేకుల షెడ్లలో ఉండే వలస కూలీల పిల్లలకు ఆటస్థలం ఆ రాళ్లగుట్టే. బ్లాస్టింగ్‌లో ఒక్కోసారి ఒక తూటా పేలకుండా రంధ్రంలోనే ఉండిపోతుంది. పాత రంధ్రంలో మళ్లీ డ్రిల్లింగ్ చేయకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఆ పాఠం బ్లాస్టర్‌కు తెలుసు, కంప్రెసర్ పట్టుకున్న ఒడిశా కుర్రాడికి తెలుసో లేదో! తెలిసి చెప్పాడే అనుకుందాం. పని ఆగుతుంది, ఆ పూట కూలి పోతుంది, మేస్త్రీ కోప్పడతాడు. చూసినవాడికి నోరు పెగలకపోవడానికి వాజేడులో ఉన్న కారణమే ఇక్కడా ఉంది, తుపాకీ లేదంతే.

ఇక మన చుట్టూ ఉన్నవాళ్లను చూడండి. జవహర్‌నగర్‌లో సీఆర్‌పీఎఫ్ గ్రూప్ సెంటర్, హకీంపేటలో సీఐఎస్‌ఎఫ్ అకాడమీ, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. మందుపాతరల మధ్య నడిచొచ్చిన జవాన్లు రిటైరై ఈ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకున్నారు. జిల్లా పరిషత్ బడిలో ఏడాదికొక పూట వాళ్లతో పాఠం చెప్పించడానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు, హెడ్మాస్టరు ఒక ఫోన్ చేస్తే చాలు. మందుపాతరల నిషేధానికి 1997లో కుదిరిన ఒట్టావా ఒప్పందంలో భారత్ చేరలేదు. సరిహద్దుల కాపలాకు అవి కావాలన్నది ఢిల్లీ వాదన. లిథువేనియా వంటి దేశాలు 2025లో రష్యా భయంతో ఒప్పందం నుంచి బయటికొచ్చాయి కూడా. ఆ చర్చ నల్సార్ క్లాసుల్లో జరగనివ్వండి. తాము సంతకం పెట్టని ఒప్పందాన్ని చూపించి ఏ సర్కారూ పల్లెకు పాఠం ఎగ్గొట్టడానికి వీల్లేదు, ప్రజలకు హెచ్చరిక, అవగాహన అన్నవి ఆ సంతకంతో ముడిపడినవి కావు.

వాజేడు, వెంకటాపురం మండలాల్లో ఈ పాఠానికి సరైన చోటు తునికాకు కల్లం. సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. చెప్పేవాళ్లు కోయ భాషలో, యూనిఫాం లేకుండా చెప్పాలి. వినడానికి ఆగిన ఆడమనిషి కట్టలు లెక్కపెట్టించుకోవడంలో వెనకబడితే ఆ నష్టం ఎవరు కట్టిస్తారో అటవీశాఖ, కాంట్రాక్టరు ముందే తేల్చుకోవాలి.